పెద్దావిడకు కొత్త తాళం

"దిగనంటే దిగను!"

మామగారు స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, ఫోటో తీయించుకునే మనిషిలా వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు.

కారు ముందు చక్రాలు వీధిలో ఉన్నాయి. వెనక చక్రాలు ఇంట్లో ఉన్నాయి. నడుమ గేటు. ఇగ్నిషన్‌లో సగం తాళంచెవి, ఆయన పిడికిట్లో మిగతా సగం. గేటులో ఆగిపోయిన బండిని పావుగంట క్రితం మళ్లీ స్టార్టు చెయ్యబోయినప్పుడు టక్కుమన్న ఆ చిన్న చప్పుడుకే ఇల్లంతా వాకిట్లోకి వచ్చేసింది.

"నాన్నా, బ్రేకు తీసి దిగండి. వెనక్కి తోసేస్తాం," అంది ఆడపడుచు. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఇవాళ పదకొండింటికి పరీక్ష. ఆవిడ స్కూటరు కారు వెనక, లోపలే చిక్కుకుపోయింది.

"పెద్దావిడని తోసే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"మొనగాళ్లెందుకు? నేనూ చంటిగాడూ చాలు."

చంటిగాడంటే కొత్తకోడలి భర్త. ముప్పై ఏళ్లు నిండి, మందుల షాపులో నలుగురికి జాగ్రత్తలు చెప్పే స్థితికి వచ్చినా ఇంట్లో చంటిగాడే. ప్రహరీగోడ దగ్గర నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. రోజూ రెండు నిమిషాల్లో ముగించే మనిషి ఇవాళ పావుగంట నుంచీ తోముతూనే ఉన్నాడు. నోట్లో బ్రష్షు ఉన్నంతసేపూ ఎవరూ తననేమీ అడగరని అతని ధైర్యం.

ఎదురింటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ తల ఎత్తాడు. "దర్జీ చొక్కాకి గుండీ ఉండదు, తాళాల మేస్త్రీ బండికి తాళం ఉండదు! ఇద్దరం ఒక బాపతేనండీ మేస్త్రీగారూ!"

ఇంకోరోజైతే మామగారు దానికి మూడు మాటలు కలిపి తిప్పికొట్టేవారు. ఇవాళ అటు తిరగనైనా లేదు.

కొత్తకోడలు గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. పక్కనే అత్తగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ భర్తతో మాట్లాడి తొమ్మిది రోజులైంది.

"అడగవే మీ మామగారిని," అన్నారు అత్తగారు, ఆయనకు వినపడేంత గట్టిగానే. "పెద్దావిడ ముందుకు నడుస్తుందా వెనక్కి నడుస్తుందా, లేకపోతే భోజనం అక్కడికే పంపాలా అని."

పెద్దావిడంటే ఈ కారే. అత్తగారికంటే రెండేళ్లు ముందు ఈ ఇంటికి వచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టింది అత్తగారే. "నేను చిన్నావిడనమ్మా, నాదేముంది ఇక్కడ! ఆయన రోజూ పొద్దున్నే లేచి తుడిచేది దాన్నే," అని పెళ్లయిన మర్నాడు కోడలికి కారును పరిచయం చేశారు. ఆ మాటకి కోడలు ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వుకుంది. అప్పటికి ఈ ఇంట్లో ప్రతిదీ ఆమెకు ముద్దుగానే ఉండేది. కిర్రుమనే మేడమెట్టు కూడా.

మూడు నెలలు కూడా కాలేదు.

"మామయ్యగారూ, టీ," అని ఆమె కారు దగ్గరికి వెళ్లింది.

ఆయన ఎదురుగా చూస్తూనే చెయ్యి పక్కకు చాచారు. గ్లాసు ఎక్కడుందో వేళ్లతో వెతుక్కున్నారు. పక్కనుంచి వచ్చేదేదీ ఆయన కంటికి ఆనదు. ఎదుటనున్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, గుండ్రంగా కాస్త కనబడుతుందట. బండి ముట్టుకోవద్దన్నాడు కళ్ల డాక్టరు. "ఆయనకి కళ్లు తెలుసు, బండి తెలియదు," అన్నారు మామగారు. ఆ మాట అన్న వారానికే, మలుపులో కుడివైపు నుంచి వచ్చిన పేపరతని సైకిలు ఆయనకు కనపడలేదు. అతని మోకాలిచిప్ప పగిలింది.

తొమ్మిది రోజుల కిందటి ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ తాళంచెవి ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. ఆయన దాన్ని దారానికి కట్టి మెడలో వేసుకున్నారు. స్నానానికి కూడా తియ్యలేదు.

"ఎక్కడికి బయల్దేరారు మామయ్యగారూ?"

"పేపరతనికి ఇవాళ కట్టు మార్చాలి. పదింటికి ఆసుపత్రికి తీసుకెళ్తానని మాటిచ్చాను."

"ఆటోలో పంపిద్దాం నాన్నా," అంది ఆడపడుచు.

"గుద్దింది నేను. ఆటో కాదు."

దర్జీ మిషను టకటకమని కాసేపు ఆడి ఆగింది.

"తాళం విరిగితే కొత్తది వెయ్యాలి. వేస్తాను," అన్నారు మామగారు చివరికి. "నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల బండ్లన్నిటికీ వేశాను, నా దానికి వెయ్యలేనా? కొత్త సెట్టు ఎక్కడైనా దొరికితే మధ్యాహ్నానికి అయిపోతుంది."

"నా దగ్గర ఉంది," అంది ఆడపడుచు.

అనేశాక ఆవిడే నాలుక కరుచుకుంది.

*

వంటింటి వెనక గదిలో భార్యాభర్తలిద్దరూ గుసగుసలాడుకుంటున్నారు. అందరిముందూ "మీరు", ఈ గదిలోకి వస్తే "నువ్వు". ఆ మార్పు నోటికి వచ్చినప్పుడల్లా ఆమెకు లోలోపల ఒక చిన్న పండగ. ఇవాళ ఆ పండగ లేదు.

"నువ్వు మామయ్యగారికి చెబుతానన్నావు. ఆదివారం చెబుతానన్నావు, సోమవారం చెబుతానన్నావు."

"సమయం చూసి చెప్పాలి కదా."

"ఇదే సమయం. వదిన ఇప్పుడా పెట్టె తీసుకొచ్చి ఆయన చేతిలో పెడుతుంది. ఆయనే బిగిస్తారు. బిగించాక తాళంచెవులు లాక్కుంటుంది. అది చూస్తూ నేనక్కడ నిలబడలేను."

"లాక్కోదు. అక్క అలాంటి మనిషి కాదు."

"మరి పెట్టె ఎందుకు కొంది?"

అతను గోడకేసి చూశాడు. "మొన్న నాన్న పరీక్షలకని కళ్ల ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆయన మెడలో ఉన్న చెవి పనికిరాకుండా ఎవరిచేతైనా తాళం మార్పిద్దామని. ఏ వర్క్‌షాపువాడూ ఒప్పుకోలేదు. మేస్త్రీగారి బండి మేం ముట్టుకోం అన్నారు."

"ఆ కాగితం సంగతి?"

"అది నువ్వు చదివావు కదా," అన్నాడు అతను.

అనకుండా ఉండాల్సిన మాట. అతనికీ తెలిసింది. చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పెళ్లయ్యాక అలా తీసుకోవడం ఇదే మొదలు.

అవును, చదివింది తనే. ఆరు రోజుల కింద ఆడపడుచు వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. "నేను చదివితే వంద ప్రశ్నలు వేస్తారు. నువ్వు చదివితే సంతకం పెడతారు. ఇన్సూరెన్సు కాగితమని చెప్పు," అంది. బండిని తండ్రి పేరు నుంచి తన పేరు మీదికి మార్చుకునే కాగితం అది. పేపరతణ్ణి గుద్దిన రోజు బండిలో తండ్రి పక్కన కూర్చున్నది ఆడపడుచే. హెడ్‌లైటు మీది నెత్తురు తన చీరకొంగుతో తుడిచింది. "ఈసారి మోకాలితో పోయింది. మళ్లీసారి?" అని అడిగింది.

మళ్లీసారికి కోడలి దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే చదివింది. రోజూ పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి వధూవరుల ప్రకటనల దాకా ఆయనకు చదివి వినిపించే గొంతుతోనే, కాగితంలో లేనివి ఉన్నట్టు చదివింది. ఆయన వేలు పెట్టి చోటు చూపించమని, సంతకం చేసి, "నువ్వు చదువుతుంటే ఇన్సూరెన్సు కూడా కథలా ఉందమ్మా," అన్నారు.

"అమ్మడూ!" వాకిట్లోంచి మామగారి కేక. "టార్చి పట్టుకుని రా! నువ్వే సహాయం!"

భర్త ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అతని మొహంలోకి చూడలేదు.

*

పెట్టె మామగారి ఒళ్లో ఉంది. మూత తీసి లోపలి వస్తువును వేళ్లతో చుట్టూ తడుముతున్నారు. ముందు తాళం, వెనక స్విచ్, అంచున మరలు ఉన్న ఉంగరం, వైరుకు కట్టిన రెండు తాళంచెవులు.

"ఈ బండికి సరిపోయేదే. ఇప్పుడు తయారుచెయ్యడం లేదు ఇవి. ఎన్ని షాపులు తిరిగావు?"

"ఏడు," అంది ఆడపడుచు.

"ఎప్పుడు కొన్నావు?"

"మొన్న."

"తాళం విరిగింది ఇవాళ."

ఆడపడుచు చేతిగడియారం చూసుకుంది. "పాతదైపోయింది కదా అని..."

"ఊఁ," అన్నారు మామగారు.

ఆడపడుచు తేలు కుట్టిన దొంగలా గేటు గడియ మీది తుప్పు గోటితో గీకుతూ నిలబడింది. ఆయన ఇంకొక్క మాట అడిగి ఉంటే ఆవిడ చెప్పేసి ఉండేదేమో. అడగలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"చంటీ, నోరు కడుక్కున్నావా? బానెట్ ఎత్తి బ్యాటరీ నల్ల తీగ ఊడదియ్. ఎర్రది ముట్టకు. నల్లదాన్ని ఇనుముకి తగలకుండా గుడ్డ చుట్టు. అమ్మడూ, నువ్వు ఇటు కూర్చో."

కోడలు ఎడమవైపు తలుపు తెరిచి, సీటు ముందు కింద కాళ్లు మడుచుకుని కూర్చుని టార్చి వెలిగించింది. డాష్‌బోర్డు కింద పాత రెగ్జిన్ వాసన, నూనె వాసన, ఎండకు కాగిన రబ్బరు వాసన.

"నాకెందుకమ్మా లైటు? నీకు కనపడాలని పట్టుకోమన్నా. చూడు, నేర్చుకో. మా ఇంట్లో లెక్కలు వచ్చినవాళ్లున్నారు, మందులు తెలిసినవాళ్లున్నారు, స్క్రూడ్రైవరు పట్టినవాళ్లు లేరు."

ఆమె నవ్వింది. నవ్వినందుకు సిగ్గుపడింది.

"విరిగిన ముక్కని ముందు పీకెయ్యాలనుకుంటారు అందరూ," అన్నారాయన. "అదే పొరపాటు. అది లోపల ఉన్నంతసేపే తాళం మాట వింటుంది. తీశామా, బిగుసుకుపోతుంది. అందుకని ఇంకాస్త లోపలికే నెట్టాలి." సన్నటి స్క్రూడ్రైవరు మొన దూర్చి, ముక్క చివర పట్టించి, నిదానంగా తిప్పారు. కిట్ అంది. "మొదటి గడి. ఇప్పుడు ఈ పక్కన ఒక బెజ్జం ఉంటుంది, ఆవగింజంత. చూశావా?"

"ఎక్కడండీ?"

"నేను చూడలేను, నువ్వే చూడాలి."

ఆమె కళ్లు చిట్లించి వెతికింది. ఉంది! నిజంగా ఆవగింజంతే. ఆ ఆనందానికి "ఉంది, ఉంది!" అని చిన్నపిల్లలా కేకేసింది. గేటు బయట దర్జీ కూడా అటు తొంగిచూశాడు.

ఆయన వేళ్లు ఆమె వేళ్లను పట్టుకుని, తీగముక్కను ఆ బెజ్జంలోకి నడిపించాయి. "నొక్కు. వదలకు. ఇప్పుడు నేను లాగుతాను."

తాళం మొత్తం గూడులోంచి బయటికి జారి ఆయన అరచేతిలోకి వచ్చింది. విరిగిన ముక్క దాని కడుపులోనే ఉంది.

"అంతేనా మామయ్యగారూ!"

"అంతేనా అంటావేం? తలుపు ఊడింది, ఇంకా ఇల్లు మిగిలే ఉంది. స్విచ్ వెనకుంది." ఉంగరం మర విప్పి, డాష్‌బోర్డు కిందినుంచి స్విచ్‌ను చేతికి అందేదాకా దించారు. దాని వెనక నాలుగు తీగలు. "రంగులు ఎప్పుడో పోయాయి. పోకపోయినా నాకు పనికిరావు. దారం కావాలి."

అత్తగారు కుట్టుపెట్టెలోంచి దారపుండ తెచ్చి, మాట లేకుండా కిటికీలోంచి అందించారు. ఆయన తీగ తీగకూ దారం చుట్టి ముళ్లు వేశారు. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగకు ఒక ముడి. ఇంజనుకి నిప్పురవ్వ అందించే కాయిల్‌కు వెళ్లేదానికి రెండు. ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్‌కు మూడు. లైట్లకు నాలుగు. పాత స్విచ్‌లోంచి ఒక్కొక్కటి ఊడదీస్తూ, కొత్తదాని వెనక అదే చోట తగిలిస్తూ, ముళ్లను బొటనవేలితో లెక్కపెట్టుకుంటూ పోయారు. ఒక్కసారి కూడా తడబడలేదు. కళ్లు మూసుకున్నారని ఆమె అప్పుడు గమనించింది. పనిలో ఉన్నప్పుడు వాటి అవసరమే లేనట్టు.

అరగంటపాటు ఆమెకు ఏ కాగితమూ గుర్తురాలేదు.

"ఇంత బాగా వచ్చిన పని వదిలి ఇంట్లో ఎలా కూర్చున్నారు?" అని అడిగింది.

"కూర్చోబెట్టారు. అదలా ఉంచు. నీకో మాట చెబుతా. మా గురువుగారు పెట్టిన నియమం. తాళం బిగించినవాడి దగ్గర తాళంచెవి ఉండకూడదు. పని అవగానే, యజమాని ఎవరో కనుక్కుని, రెండూ అతని అరచేతిలో పెట్టి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాలి. మళ్లీ దాని మొహం చూడకూడదు. ఒకసారి ఒకాయన రెండోది నా బల్ల మీద మర్చిపోయి వెళ్లిపోయాడు. వానలో నాలుగు మైళ్లు నడిచి వెళ్లి ఇచ్చొచ్చాను."

"ఉదయం ఇవ్వచ్చుగా?"

"రాత్రంతా నా దగ్గర ఉంటే, ఆ రాత్రికి నేను దొంగనే కదమ్మా."

ఆమె టార్చి ఆర్పేసింది. ఆయన చూడలేదు.

*

"చంటీ, నల్ల తీగ తగిలించు!"

కొత్త తాళంచెవి లోపలికి వెళ్లింది. మొదటి గడి. రెండో గడి. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. మూడో గడికి తిప్పగానే పెద్దావిడ ఒళ్లు విరుచుకుని, దగ్గి, ఖంగుమని లేచింది.

దర్జీ చప్పట్లు కొట్టాడు. ఆడపడుచు మొహంలో కూడా, దాచుకున్నా దాగకుండా, ఒక నవ్వు మెరిసింది. అది ఎంత కాలం నుంచి వింటున్న శబ్దమో ఆవిడకు! ఆ శబ్దంలోనే బడికి వెళ్లింది, కాలేజీకి వెళ్లింది.

మామగారు ఇంజను ఆపారు. తాళంచెవి తీశారు. వైరు విప్పి రెంటినీ పంచె అంచుతో తుడిచారు. కారులోంచి దిగారు. పొద్దుటినుంచి దిగనన్న మనిషి, ఎవరూ అడగకుండానే.

"పని అయిపోయింది. యజమాని ఎవరు?"

చంటి బానెట్ దించాడు.

"పెట్టె మొన్న కొన్నారు. తాళం ఇవాళ విరిగింది. మొన్నటికే ఈ బండికి కొత్త తాళం కావాలని ఎవరికో తెలుసు. నాకు కళ్లు పోయాయి గానీ, లెక్క పోలేదు. చెప్పవే లెక్కల టీచరూ. యజమాని ఎవరు?"

ఆడపడుచు గేటు గడియ వదిలి ముందుకు వచ్చింది. "నేనే నాన్నా. బండి నా పేరు మీదికి మారింది. నిన్ననే కాగితం వచ్చింది."

"నేను మార్చానా?"

"సంతకం మీదే."

"నాది కాకపోతే ఇంకెవరిది అవుతుంది. నేను చదవకుండా సంతకం పెట్టను. పాతికేళ్ల అలవాటు." ఆయన ఆగారు. "చదివించుకుని పెట్టాను."

ఆయన తల మెల్లగా తిప్పారు. ఆమె ఎక్కడ నిలబడిందో ఆయనకు కనపడదు. గొట్టంలాంటి ఆ చూపును గోడ మీదుగా, గేటు మీదుగా, కొడుకు మీదుగా జరుపుకుంటూ వచ్చి, ఆమె మొహం మీద ఆపారు. ఆమె తప్పుకోవచ్చు. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, ఆయనకు చీకటే. వెయ్యలేదు.

"మామయ్యగారూ..."

"ఇన్సూరెన్సు అన్నావు కదమ్మా."

"అన్నానండీ."

"అందులో ఇన్సూరెన్సు అనే మాట ఒక్కటైనా ఉందా?"

"లేదండీ."

"నాన్నా, నేను చెప్పమంటేనే చెప్పింది," ఆడపడుచు అడ్డం వచ్చింది. "తిట్టాలంటే నన్ను తిట్టండి. మీరు ఇంకొకరిని గుద్దితే? నేను ఆ పక్క సీట్లో కూర్చున్నాను. నేను చూశాను. మీరు చూడలేదు. బ్రేకు కూడా వెయ్యలేదు మీరు! గుద్దాక కూడా, ఏమైంది, ఏమైంది అని నన్నడిగారు!"

ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అత్తగారు గుమ్మాన్ని ఆనుకున్నారు. చంటి "అక్కా," అన్నాడు.

"నిజమే," అన్నారు మామగారు. "అడిగాను."

కూతురు దగ్గరికి రెండడుగులు వేసి చెయ్యి చాచారు. ఆవిడ అరచెయ్యి పట్టింది. తాళంచెవులు ఒక్కొక్కటే పెట్టారు.

"ఒకటి. రెండు."

తర్వాత ఖాళీ చేతులు రెండూ పంచెకు తుడుచుకున్నారు.

*

ఆ తర్వాత జరిగిందానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాళంచెవులు ఆడపడుచు చేతిలో ఉన్నాయి, కానీ ఆ బండి నడపడం ఆవిడకు రాదు. గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. అది పట్టిన చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే. ఆవిడ మూడుసార్లు స్టార్టు చేసింది, మూడుసార్లూ బండి ఎగిరిపడి ఆగిపోయింది.

"తోద్దాం," అన్నాడు చంటి, ఎటూ చూడకుండా.

దర్జీ వచ్చి భుజం పట్టాడు. కోడలూ పట్టింది. పెద్దావిడ చప్పుడు చెయ్యకుండా, మెత్తగా, వెనక్కి వెళ్లిపోయింది. మామగారు గేటు స్తంభం పక్కన నిలబడి చక్రాల కింద గులకరాళ్ల చప్పుడు వింటున్నారు. అది ఆగేదాకా విన్నారు.

ఆడపడుచు కళ్లు తుడుచుకుని స్కూటరు మీద పరీక్షకు వెళ్లిపోయింది. చంటి ఆటో పిలిచి, పేపరతణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తానని వెళ్లిపోయాడు. దర్జీ తన అరుగు మీదికి చేరాడు. అత్తగారు లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి, "ఆయనని టిఫినుకి రమ్మనవే," అని చెప్పి మళ్లీ వెళ్లారు.

"మామయ్యగారూ, టిఫినుకి రండి. తిన్నాక పేపరు చదువుతాను. ఇవాళ ఇంకా చదవలేదు మనం."

ఆయన చొక్కా జేబులోంచి ఒక కవరు తీశారు. చింపలేదు. మూలన కళ్ల ఆసుపత్రి ముద్ర ఉంది.

"ఇది నిన్న సాయంత్రం వచ్చింది," అన్నారు. "మొన్న చేసిన పరీక్షల ఫలితం. ఆపరేషనుకి వీలుందో లేదో రాస్తానన్నాడు డాక్టరు. ముందు నువ్వు చదవాలి, మిగతావాళ్లకి తర్వాత చెప్పాలి అని ఉంచాను."

"ఇవ్వండి, చదువుతాను. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఒట్టు."

"నువ్వు బాగా చదువుతావమ్మా," అన్నారాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. "చాలా బాగా చదువుతావు."

కవరు పట్టుకుని గేటు దాటారు.

వీధిలో ఎడమవైపునుంచి ఒక సైకిలు వస్తోంది. ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆయన మోచెయ్యి విడిపించుకున్నారు. సైకిలతను గంట కొట్టి, పక్కకు వంగి, తప్పుకుని పోయాడు. మామగారు ఎదురుగా ఉన్న అరుగును ఒక్కదాన్నే చూసుకుంటూ, కాలితో నేలను తడుముకుంటూ వీధి దాటారు.

ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. వెనకే వెళ్లే హక్కు తనకుందో లేదో తేల్చుకోలేక.

దర్జీ మిషను ఆపాడు. కవరు చింపి, కళ్లజోడు సర్దుకుని, పెదవులు కదుపుతూ లోపల్లోపలే చదువుకున్నాడు. సగంలో పెదవులు ఆగాయి. మళ్లీ మొదటినుంచి చదివాడు. లేచి, తాను కూర్చున్న స్టూలును మామగారి వైపు జరిపాడు.

"కూర్చోండి మేస్త్రీగారూ."

"కూర్చుంటాను గానీ, చదువు."

దర్జీ కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచాడు. వీధికి ఇవతల గేటు పట్టుకుని నిలబడ్డ కోడలిని చూశాడు. గొంతు తగ్గించాడు, అయినా వీధి చిన్నది.

"ఇలాంటివి ఇంట్లోవాళ్లు చదివితేనే బాగుంటుందండీ. ఇంట్లో చదివిపెట్టేవాళ్లు ఎవరూ లేరా?"

మామగారు స్టూలును చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నారు.

"లేరు," అన్నారు. "నువ్వే చదువు."